ఎలక్ట్రిక్ గిటార్ చేతికి తేలిగ్గా రావాలంటే నెక్, సెటప్ ఎలా సరిచూసుకోవాలి

"తీగలు నొక్కితే వేళ్లు నొప్పెడుతున్నాయి. నెక్ లావుగా ఉన్నట్టుంది. వేరే గిటార్ కొనాలా?" నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. నేను తిరిగి అడిగేది ఒక్కటే: 12వ ఫ్రెట్ (నెక్ మీది లోహపు అడ్డపట్టీ) దగ్గర తీగ ఎంత ఎత్తులో ఉందో కొలిచారా? దాదాపు ఎవరూ కొలిచి ఉండరు. కొలవకుండా గిటార్‌ను తప్పు పట్టడం ఒక పొరపాటు. కొలవకుండా తన చేతినే తప్పు పట్టుకోవడం ఇంకా పెద్ద పొరపాటు, అదే నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది. నేర్చుకోవడం మానేసిన చాలామంది చేతుల్లో లోపం లేదు, వాళ్ల గిటార్‌కు సెటప్, అంటే నెక్‌నూ తీగలనూ సరిగ్గా సర్దడం, లేదు.

నేను నేర్చుకునే రోజుల్లో ఎఫ్ కార్డు నెలల తరబడి మోగలేదు. చూపుడు వేలికి బలం లేదనుకుని రోజూ అదే సాధన చేశాను. ఒకరోజు ఇంకొకరి గిటార్ తీసుకుంటే అదే కార్డు మొదటిసారే శుభ్రంగా మోగింది. తర్వాత చూస్తే నా గిటార్ నట్ (నెక్ పై కొసన తీగలు ఆనే చిన్న పట్టీ) మీద గాడులు లోతుగా కోసి లేవు. ఆ నెలల సాధన పోయినట్టు మీది పోకూడదని ఇది రాస్తున్నాను.

ముందుగా: తప్పు నెక్‌దా, సెటప్‌దా?

నెక్ విషయంలో మీరు మార్చలేనివి కొన్ని ఉంటాయి: వెనక వైపు ఆకారం (సి, డి, వి అని పిలుస్తారు), మందం, నట్ దగ్గర వెడల్పు, ఫ్రెట్‌బోర్డ్ గుండ్రదనం, స్కేల్ పొడవు (నట్ నుంచి బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జ్ దాకా మోగే తీగ పొడవు). మార్చగలిగేవి: నెక్ వంపు, తీగల ఎత్తు, నట్ గాడుల లోతు, తీగల మందం, ఇంటొనేషన్ (ప్రతి ఫ్రెట్ దగ్గరా స్వరం శ్రుతిలో ఉండటం). నొప్పికి, తీగ ఫ్రెట్లకు తగిలి వచ్చే గరగరకు కారణం చాలాసార్లు ఈ రెండో జాబితాలోనే దొరుకుతుంది.

తేల్చుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. 1వ ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్) పెట్టి, 2వ ఫ్రెట్ దగ్గర ఎఫ్ ఆకారంలో బారె కార్డు (చూపుడు వేలితో తీగలన్నీ అదిమి పట్టేది) పట్టండి. కేపో తీసేసి 1వ ఫ్రెట్ దగ్గర మామూలు ఎఫ్ పట్టండి. కేపోతో చాలా తేలికై, కేపో లేకుండా కష్టమైతే నట్ ఎత్తుగా ఉంది. రెండు చోట్లా కష్టంగానే ఉంటే తీగల ఎత్తు, నెక్ వంపు చూడాలి. తీగలు తేలిగ్గానే దిగుతున్నా బొటనవేలు, మణికట్టు లాగుతుంటే అప్పుడు నెక్ ఆకారాన్ని అనుమానించండి. చిన్న చేతులకు సన్నని నెక్కే మంచిదని అందరూ అంటారు. నేను అలా అనను. మరీ పలుచని నెక్ మీద అరచేతికి ఆనిక దొరకక బొటనవేలు అతిగా నొక్కేవాళ్లను చూశాను. అరగంట ఆగకుండా వాయించి చూస్తేనే అది తెలుస్తుంది.

కావలసినవి

- కొత్త తీగల సెట్, మీరు ఎప్పుడూ వాడే మందంలోనే
- ట్యూనర్ (ఫోన్ యాప్ పనికొస్తుంది, ఇంటొనేషన్‌కు మాత్రం కేబుల్‌తో కలిపే ట్యూనర్ మేలు)
- కేపో
- అర మిల్లీమీటర్ గీతలున్న స్టీల్ స్కేలు
- మీ నెక్ లోపల వంపు సరిచేసే ట్రస్ రాడ్‌కు, బ్రిడ్జ్ మీద ఒక్కో తీగ ఆనే సాడిళ్లకు సరిపోయే అలెన్ కీలు, స్క్రూడ్రైవర్
- ఫీలర్ గేజ్ (సన్నని సందులు కొలిచే పలుచని రేకులు)

ఫీలర్ గేజ్ లేకపోయినా ఫరవాలేదు. 10 నంబరు తీగ అంటే 0.010 అంగుళం, సుమారు 0.25 మి.మీ. పాత సెట్‌లోని 1వ తీగ (అన్నిటికన్నా సన్ననిది; 6వది అన్నిటికన్నా లావు) నుంచి చిన్న ముక్క కత్తిరించి దాచుకోండి, అదే మీ గేజ్. 9 నంబరు అయితే 0.23 మి.మీ.

అలెన్ కీ గురించి ఒక హెచ్చరిక. కొన్ని గిటార్లకు అంగుళాల కీ, కొన్నిటికి మిల్లీమీటర్ల కీ. 3/16 అంగుళం కీ 5 మి.మీ. రంధ్రంలో దూరుతుంది కానీ వదులుగా ఉంటుంది. బలంగా తిప్పితే లోపలి అంచులు అరిగిపోతాయి, ఆ తర్వాత ఏ కీ పట్టదు. కీ కదలకుండా కూర్చుంటేనే తిప్పండి.

వరుస తప్పకూడదు

నెక్ వంపు మారితే తీగల ఎత్తు మారుతుంది. ఎత్తు మారితే ఇంటొనేషన్ మారుతుంది. అందుకే కింది వరుసలోనే చేయండి. మొదటి పని ఇంటొనేషన్‌తో మొదలుపెట్టినవాళ్లు దాన్ని రెండోసారి చేయక తప్పదు.

1. కొత్త తీగలు వేసి శ్రుతి చేయండి

పాత తీగల మీద సెటప్ చేయకండి. అరిగిన, తుప్పు పట్టిన తీగ ఇంటొనేషన్‌లో అబద్ధం చెబుతుంది. తీగలు వేశాక ఒక్కోదాన్ని మెల్లగా పైకి లాగి సాగదీయండి, మళ్లీ శ్రుతి చేయండి. శ్రుతి జారడం ఆగేదాకా ఇలాగే.

ఏ శ్రుతిలో వాయిస్తారో ఆ శ్రుతిలోనే సెటప్ చేయాలి. సగం మెట్టు కిందికి దించి వాయించేవారు మామూలు శ్రుతిలో కొలిస్తే లాభం లేదు, ఎందుకంటే సగం మెట్టు దించగానే తీగల బిగుతు సుమారు 11 శాతం తగ్గి నెక్ కాస్త నిటారవుతుంది.

తీగల మందం మార్చాలనుకుంటే ఇప్పుడే నిర్ణయించుకోండి. 25.5 అంగుళాల స్కేల్ మీద 10–46 సెట్ (1వ తీగ 10, 6వ తీగ 46 నంబరు) నెక్‌ను దాదాపు 46 కిలోల బలంతో లాగుతుంది, 9–42 సెట్ సుమారు 38 కిలోలు. వేళ్లకు తెలిసే తేడా ఇది, నెక్‌కు కూడా. స్కేల్ చిన్నదైతే బిగుతు మరికొంత తగ్గుతుంది: ఫెండర్ స్ట్రాటోకాస్టర్ 25.5 అంగుళాలు, గిబ్సన్ లెస్ పాల్ సుమారు 24.75. ఒకే తీగ, ఒకే శ్రుతి అయినా చిన్న స్కేల్ మీద బిగుతు దాదాపు 6 శాతం తక్కువ. లెస్ పాల్ మీద బెండ్లు (తీగను పక్కకు లాగి స్వరం పెంచడం) మెత్తగా వస్తాయనడానికి ఇదొక కారణం.

జాగ్రత్త: ఫ్లోటింగ్ ట్రెమొలో (స్ప్రింగుల మీద తేలుతూ, కడ్డీతో ఊపగలిగే బ్రిడ్జ్) ఉంటే తీగలన్నీ ఒకేసారి తీయకండి, ఒక్కొక్కటే మార్చండి. మందమైన సెట్ వేస్తే బ్రిడ్జ్ ముందుకు లేస్తుంది. వెనక స్ప్రింగుల స్క్రూలను కొద్దిగా బిగించి, శ్రుతి చేసి, మళ్లీ చూస్తూ బ్రిడ్జ్‌ను పాత స్థానానికి తేవాలి. ఇది ఓపిక పని. అది పూర్తయ్యేదాకా 2వ దశకు వెళ్లకండి.

2. నెక్ వంపు (రిలీఫ్) సరిచేయండి

ఎక్కువ భయం ఉన్నది ఇక్కడే, ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే. కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

మోగే తీగ మధ్యలో వెడల్పుగా ఊగుతుంది. దానికి చోటివ్వడానికి నెక్ మధ్యలో వెంట్రుకవాసి లోతు ఉండాలి. ఆ లోతే రిలీఫ్. తీగలు నెక్‌ను ముందుకు లాగుతుంటే లోపలి ట్రస్ రాడ్ వెనక్కి లాగి నిలబెడుతుంది.

కొలవడం ఇలా: శ్రుతి చేసిన గిటార్‌ను వాయించే భంగిమలో ఒళ్లో పట్టుకోండి. బల్ల మీద పడుకోబెడితే నెక్ బరువు, కింద పెట్టిన దిండు కలిసి కొలతను మార్చేస్తాయి. 1వ ఫ్రెట్ మీద కేపో పెట్టండి. నెక్, బాడీ కలిసే చోటి ఫ్రెట్ దగ్గర (చాలా గిటార్లలో 17వ ఫ్రెట్ అటూ ఇటూ) 6వ తీగను నొక్కి పట్టుకోండి. ఇప్పుడు ఆ తీగే మీకు నిటారైన స్కేలు. 7 లేదా 8వ ఫ్రెట్ తలకు, తీగ అడుగుకు మధ్య ఖాళీ చూడండి.

0.2 నుంచి 0.25 మి.మీ. ఉంటే బాగుంది, ట్రస్ రాడ్ ముట్టుకోకండి. మీ 10 నంబరు తీగ ముక్క 6వ తీగను కదిలించకుండా దూరితే, కదిలిస్తే వచ్చేంత బిగువుగా ఉంటే సరిపోయినట్టే. 0.3 దాటితే వంపు ఎక్కువైంది. ఖాళీయే లేకుండా తీగ ఫ్రెట్‌కు తాకుతుంటే నెక్ నిటారుగానో వెనక్కి వంగో ఉంది.

తిప్పే దిశ: కీ పెట్టే వైపు నుంచి చూస్తూ కుడివైపు, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే రాడ్ బిగుస్తుంది, వంపు తగ్గుతుంది. ఎడమవైపు తిప్పితే వదులై వంపు పెరుగుతుంది.

ఒకసారికి పావు చుట్టు కన్నా తక్కువే. నేను ఎనిమిదో వంతు తిప్పి ఆగుతాను. మళ్లీ శ్రుతి చేసి, పది నిమిషాలు ఆగి, మళ్లీ కొలవండి. చెక్కకు సర్దుకునే సమయం కావాలి, కొన్ని నెక్‌లు మర్నాటిదాకా కదులుతూనే ఉంటాయి. బిగించాల్సి వస్తే ముందు కొంచెం వదులు చేసి తర్వాత బిగించండి, రాడ్ చివరి మర ఎంత సులువుగా తిరుగుతుందో చేతికి తెలుస్తుంది. రాడ్ కదలకపోయినా, కీ జారుతున్నా, చిటపట శబ్దం వచ్చినా వెంటనే ఆపి రిపేరు తెలిసినవారికి చూపించండి. బలప్రయోగంతో రాడ్ తెగితే బాగుచేయడం చాలా పెద్ద పని.

అందరూ చేసే తప్పు: తీగలు ఎత్తుగా ఉన్నాయని ట్రస్ రాడ్ బిగించడం. తీగ కాస్త దిగినట్టే కనిపిస్తుంది. కానీ మొదటి ఐదు ఫ్రెట్లలో గరగర మొదలవుతుంది, 15వ ఫ్రెట్ పైన ఎత్తు దాదాపు అలాగే ఉంటుంది. రాడ్ పని నెక్ వంపు మాత్రమే. ఎత్తుకు సాడిళ్లు ఉన్నాయి.

3. నట్ చూడండి

కేపో తీసేయండి. 6వ తీగను 2, 3 ఫ్రెట్ల మధ్య నొక్కి, 1వ ఫ్రెట్ మీద ఖాళీ గమనించండి. కంటికి కనీకనబడనంత సందు ఉండాలి. 1వ ఫ్రెట్ మీద తీగను తట్టితే చిన్న టిక్ వినిపించాలి. అన్ని తీగలకూ ఇలాగే చూడండి.

టిక్ లేకుండా తీగ ఫ్రెట్‌కు అంటుకుని ఉంటే గాడి మరీ లోతైంది, ఖాళీ తీగ గరగరలాడవచ్చు. సందు పెద్దగా ఉంటే గాడి పైకి ఉంది. అప్పుడు నొప్పి ఒక్కటే కాదు, మొదటి మూడు ఫ్రెట్లలో స్వరాలు కూడా పైకి పోతాయి. ఖాళీ తీగలు శ్రుతిలో ఉండి, సి కార్డు మాత్రం అపశ్రుతిగా వినిపిస్తే మీ చెవిది తప్పు కాదు, నట్‌ది.

గాడి లోతు చేయడం మాత్రం మొదటిసారి మీరు చేయకండి. తీగ మందానికి తగిన నట్ ఆకురాయి లేకుండా, మామూలు ఆకురాయితోనో బ్లేడుతోనో గీస్తే గాడి వెడల్పవుతుంది. ఎక్కువ దిగిందంటే వెనక్కి తేలేరు, కొత్త నట్ వేయాల్సిందే. మొత్తం సెటప్‌లో బయటివారికి ఇవ్వదగిన పని ఏదని అడిగితే నేను ఇదే చెబుతాను. మీరు చేయగలిగింది ఒకటుంది. బెండ్ చేశాక తీగ శ్రుతికి తిరిగి రాకపోయినా, తీగ బిగించే మర తిప్పుతుంటే నట్ దగ్గర టింగుమని శబ్దం వచ్చినా గాడిలో తీగ పట్టేస్తోందని అర్థం. మెత్తని పెన్సిల్ ముల్లుతో గాడిలో రుద్దండి.

4. తీగల ఎత్తు (యాక్షన్)

12వ ఫ్రెట్ తల నుంచి తీగ అడుగు వరకు స్కేలుతో కొలవండి. మొదలుపెట్టడానికి మంచి కొలతలు: 6వ తీగకు 2 మి.మీ., 1వ తీగకు 1.6 మి.మీ. మధ్య తీగలు ఈ రెంటి మధ్య క్రమంగా మారుతూ, ఫ్రెట్‌బోర్డ్ గుండ్రదనాన్ని అనుసరించాలి.

సాడిల్‌ను 1 మి.మీ. దించితే 12వ ఫ్రెట్ దగ్గర తీగ దిగేది సుమారు అర మిల్లీమీటరే. ఈ లెక్క గుర్తుంటే ఎంత తిప్పాలో ఊహించనక్కర్లేదు. ఒక్కో సాడిల్‌కు రెండు స్క్రూలున్న గిటార్లలో రెండింటినీ సమంగా తిప్పండి, సాడిల్ పక్కకు ఒరగకూడదు. లెస్ పాల్ తరహా బ్రిడ్జ్‌కు రెండు వైపులా చక్రాలుంటాయి. పైకి లేపేటప్పుడు ముందు తీగలు కాస్త వదులు చేయండి. ప్రతి మార్పు తర్వాతా శ్రుతి చేశాకే కొలవండి.

ఎంత కిందికి? ఇది మీ కుడిచేతి మీద ఆధారపడి ఉంటుంది. గట్టిగా మీటి రిథమ్ వాయించేవారు ఇంకో పావు మిల్లీమీటర్ ఎత్తు ఉంచుకోవాలి. మృదువుగా, వేగంగా లీడ్ వాయించేవారు 6వ తీగను 1.6 దాకా, 1వ తీగను 1.2 దాకా దించి చూడవచ్చు, ఫ్రెట్లు సమంగా ఉంటేనే. అందరూ వీలైనంత కిందికి దించాలని తొందరపడతారు. మరీ దిగిన తీగను బెండ్ చేస్తే వేలి కొసకు పట్టు దొరకదు, స్వరం కూడా బక్కచిక్కుతుంది.

ఫ్రెట్‌బోర్డ్ గుండ్రదనం అడ్డొచ్చేది ఇక్కడే. పాత తరహా స్ట్రాట్ నెక్‌లకు రేడియస్ 7.25 అంగుళాలు, అంటే బోర్డు బాగా గుండ్రం. ఈ తరం ఫెండర్లలో 9.5 సాధారణం, గిబ్సన్లలో 12. గుండ్రటి బోర్డు మీద 1వ తీగను 12–15 ఫ్రెట్ల మధ్య ఒక స్వరం మేర బెండ్ చేస్తే తీగ బోర్డు నడినెత్తి వైపు జరిగి, పై ఫ్రెట్‌కు తగిలి చటుక్కున మూగబోతుంది. మీ రేడియస్ 7.25 అయితే ఎత్తు తగ్గించడానికి ఒక హద్దు ఉందని ఒప్పుకుని 1వ తీగను ఆ బెండ్ మోగేంత ఎత్తులో ఉంచండి. బారె కార్డులకు మాత్రం ఈ గుండ్రదనమే హాయి.

సాడిళ్లు పూర్తిగా దిగినా ఎత్తు తగ్గకపోతే నెక్ బాడీలో కూర్చున్న కోణం తేడా. బోల్టు నెక్ అయితే బాడీ వైపు చివర పలుచని చెక్క షిమ్ పెట్టి కోణం మార్చవచ్చు. అతికించిన నెక్ అయితే అది నిపుణుల పని.

5. గరగర ఎక్కడో కనుక్కోండి

ప్రతి తీగ మీదా ప్రతి ఫ్రెట్‌నూ నొక్కి మీటండి. విసుగనిపించినా ఒక్కటీ వదలొద్దు.

- ఖాళీ తీగ ఒక్కటే గరగరలాడితే: నట్ గాడి లోతైంది.
- 1 నుంచి 5 ఫ్రెట్ల దాకా గరగరలాడితే: వంపు తక్కువ, రాడ్ కొంచెం వదులు చేయండి.
- 12 పైన మాత్రమే అయితే: తీగ ఎత్తు తక్కువ, లేదా బాడీ దగ్గర బోర్డు చివర పైకి లేచి ఉంది.
- అంతటా అయితే: సాడిళ్లు మరీ దిగాయి.
- ఒకే ఒక్క ఫ్రెట్ దగ్గర అయితే: దాని తర్వాతి ఫ్రెట్ ఎత్తుగా ఉంది.

చివరిదాన్ని నిర్ధారించుకోవాలంటే ఏటీఎం కార్డులాంటి గట్టి కార్డు నిటారు అంచును మూడు ఫ్రెట్ల మీద ఆనించి ఊపండి. ఊగితే మధ్య ఫ్రెట్ ఎత్తుగా ఉన్నట్టు. ఫ్రెట్లు రాకి సమం చేయడం అనుభవం ఉన్నవారికే వదలండి.

ఇంకో మాట. గరగర ఆంప్‌లో వినబడుతోందా? ఆంప్ లేకుండా, చెవి గిటార్‌కు ఆనించి విన్నప్పుడు మాత్రమే వినిపించే చిన్న గరగర కోసం తీగల్ని అనవసరంగా ఎత్తకండి.

6. ఇంటొనేషన్

ఖాళీ తీగను ఖచ్చితంగా శ్రుతి చేయండి. 12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ (తీగను నొక్కకుండా, వేలితో తేలిగ్గా తాకి మీటే స్వరం) మోగించి చూడండి. తర్వాత అదే ఫ్రెట్‌ను మామూలు బలంతో నొక్కి మీటి ట్యూనర్ చూడండి. నొక్కిన స్వరం పైకి ఉంటే సాడిల్‌ను నెక్ నుంచి దూరంగా, వెనక్కి జరపండి. కిందికి ఉంటే నెక్ వైపు జరపండి. జరిపే ముందు తీగ వదులు చేయండి, జరిపాక మళ్లీ శ్రుతి, మళ్లీ కొలత. రెండు సెంట్ల (సగం మెట్టులో నూరో వంతు ఒక సెంట్) లోపు తేడా ఉంటే ఆపేయవచ్చు.

తీగను బలంగా అదిమితే పైకి, పక్కకు లాగితే మరీ పైకి పోతుంది. అందుకే వాయించేటప్పుడు ఎంత బలం వాడతారో అంతే వాడండి.

పని సరిగ్గా జరిగిందో లేదో సాడిళ్ల వరుస చూస్తేనే తెలుస్తుంది. 1వ తీగ సాడిల్ నెక్‌కు దగ్గరగా, 2, 3 క్రమంగా వెనక్కి ఉండాలి. చుట్టిన తీగలు మొదలయ్యే 4వ దగ్గర సాడిల్ మళ్లీ ముందుకు వచ్చి, 5, 6 మళ్లీ వెనక్కి వెళ్లాలి. అంటే రెండు మెట్ల వరుసలు. ఒక సాడిల్ ఈ వరుసకు పూర్తిగా విరుద్ధంగా ఉంటే ఆ తీగ పాడైందేమో, పికప్ (తీగల కింద ధ్వనిని పట్టే అయస్కాంత భాగం) మరీ దగ్గరగా ఉందేమో చూడండి.

7. పికప్ ఎత్తు

చివరి ఫ్రెట్ దగ్గర తీగను నొక్కి, పికప్ తలకు, తీగ అడుగుకు మధ్య కొలవండి. 6వ తీగ వైపు 2 మి.మీ., 1వ తీగ వైపు 1.6 మి.మీ. మంచి మొదలు. స్ట్రాట్ తరహా సింగిల్ కాయిల్ పికప్‌లలో అయస్కాంతాలు తీగలకు దగ్గరగా ఉంటాయి. మరీ పైకి లేపితే తీగను లాగి, లావు తీగల మీద పై ఫ్రెట్లలో స్వరం అలలుగా ఊగుతుంది, ఎంత ప్రయత్నించినా ఇంటొనేషన్ కుదరదు. అలా వినిపిస్తే పికప్ దించి, 6వ దశ మళ్లీ చేయండి.

నెక్ తడిగా, జిగురుగా అనిపిస్తే

నిగనిగలాడే ఫినిష్ మీద చెమట చెయ్యి పట్టేస్తుంది. మొదట పొడిగుడ్డతో తుడిచి చూడండి. అయినా ఇబ్బందైతే నెక్ వెనక భాగాన్ని బాగా సన్నని స్కాచ్‌బ్రైట్‌తో పొడవునా తేలిగ్గా రుద్దితే మెరుపు పోయి చెయ్యి జారుతుంది. కానీ పోయిన మెరుపు మళ్లీ రాదు, పాత విలువైన గిటార్ మీద చేయకండి. స్టీల్ ఊలు వాడేవారు ముందు పికప్‌లను టేపుతో పూర్తిగా మూయండి. లేకపోతే ఇనుప రజను అయస్కాంతాలకు అంటుకుంటుంది, తీయడం చాలా కష్టం.

నెక్ అంచు వెంట చెయ్యి జరిపితే ఫ్రెట్ కొసలు గుచ్చుకుంటున్నాయా? గాలి బాగా పొడిగా ఉన్నప్పుడు చెక్క కుంచించుకుని లోహపు ఫ్రెట్లు బయటికి వస్తాయి. కొసలు రాకే ముందు గిటార్‌ను 40–55 శాతం తేమ ఉన్న చోట కొన్నాళ్లు ఉంచి చూడండి.

మర్నాడు

గిటార్‌ను రాత్రంతా శ్రుతిలోనే ఉంచి, మర్నాడు 2వ దశ కొలతను మళ్లీ తీయండి. మారి ఉంటే ఎనిమిదో వంతు చుట్టుతో సరిచేసి 4, 6 దశలను ఒకసారి చూడండి. తర్వాత మొదట్లో చేసిన ఎఫ్ కార్డు పరీక్ష, 1వ తీగ బెండ్ పరీక్ష మళ్లీ చేయండి.

తీగల మందం, రిలీఫ్, 12వ ఫ్రెట్ దగ్గర రెండు ఎత్తులు, తేదీ ఒక కాగితం మీద రాసి గిటార్ కేసులో పెట్టండి. కాలం మారినప్పుడు, తేమ పెరిగినా తగ్గినా, మొదట కదిలేది నెక్కే. అప్పుడు ఆ కాగితం పక్కన పెట్టుకుని 2వ దశ నుంచి మొదలుపెడితే చాలు.